వీధి పొడుగునా చేంతాడు

నీళ్ళు తగ్గిపోతున్నాయని బోర్డు మీద రాస్తే, చదివి సంబరపడిన ఊరు మాది. తప్పు వాళ్ళదేననుకుని నాలుగు రోజులు అందరినీ ఎడాపెడా తిట్టాను. అయిదో రోజు తెలిసింది, తప్పు నాదని. అప్పుడు ఇంకా ఒళ్ళు మండింది.

మాది కార్వేటినగరానికి అయిదు మైళ్ళ అవతల మిట్టకండ్రిగ. నూట పది గడపలు. నా పేరు ఉదయలక్ష్మి. ఊరి పాల సెంటర్లో పాలు పరీక్ష చేసేది నేనే. పొద్దున అయిదున్నరకు, సాయంత్రం నాలుగున్నరకు ఆడవాళ్ళు క్యాన్లూ చెంబులూ పట్టుకుని వరసలో నిలబడతారు. ఒక్కొక్కరి పాలు మిషన్లో పోసి, వెన్న ఎంత వచ్చిందో చూసి, గోడకున్న నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాస్తాను. నాలుగు దాటితే నవ్వుకుంటూ పోతారు. మూడున్నర దగ్గర ఆగిందా, నన్నూ నా మిషన్నూ కలిపి, మా పుట్టింటి వాళ్ళను కూడా వదలకుండా తిడతారు. నాకు నోరు పెద్దదని ఊళ్ళో పేరు. రోజుకు రెండుసార్లు ఇంతమందితో వాదించే మనిషికి నోరు చిన్నగా ఎట్లా ఉంటుంది?

ఆ బోర్డులో సగం చోటు నీళ్ళకిచ్చింది 2003 ఆగస్టులో. తిరుపతిలో ఏదో స్వచ్ఛంద సంస్థలో పనిచేసే గోపీ అనే ముప్పై ఏళ్ళ మనిషి మోటారు సైకిల్ మీద వచ్చాడు. అతని సంచిలో ఒక పొడుగాటి టేపు. దాన్ని బోరు గొట్టం సందులోంచి లోపలికి వదిలితే నీళ్ళు తగలగానే గుయ్యిమని మోగుతుంది. ఎన్ని అడుగుల లోతులో నీళ్ళున్నాయో టేపు మీద చూసి రాసుకోవాలి. నెలకొకసారి కొలిచి రాసే మనిషి ఊరికొకరు కావాలన్నాడు. మగవాళ్ళు నవ్వి లేచిపోయారు. నేను మాత్రం ఒప్పుకున్నాను.

ఎందుకంటే నా దగ్గర ఒక రిజిస్టరు ఉంది. పాలవ్యాను వచ్చేలోపు క్యాన్లో పాలు విరిగిపోతే ఆ తేదీ ఎదురుగా ఎర్రసిరాతో గీత కొట్టాలి. అది సెంటరు పద్ధతి. నేను చేరిన కొత్తలో, 1989లో, ఏడాది మొత్తానికి నాలుగు ఎర్రగీతలు. నాలుగూ మే నెలలోనే. 1996కి పదకొండు అయ్యాయి. 2002లో ముప్పై ఒకటి. మార్చిలో మొదలయ్యాయి, జూన్ దాకా సాగాయి, అవి చాలవన్నట్టు అక్టోబరులో మళ్ళీ రెండు. వ్యాను అదే, అది వచ్చే వేళ అదే, క్యాన్లూ అవే. ఇంక మారిందేమిటి? ఎండే కదా! ఎవరికి చెప్పినా "వేసవి అన్నాక ఎండ కాయదా" అనేవారు. గోపీకి చూపిస్తే మాత్రం నేల మీద చతికిలబడి కూర్చుని గంటసేపు ఆ గీతలన్నీ రాసుకున్నాడు.

"అక్కా, నీకు తెలవకుండానే పద్నాలుగేండ్ల వేడి రాసిపెట్టినావు," అన్నాడు. "వాన కథా ఇంతే. మునుపు నలభై దినాలు నిదానంగా పడే వాన ఇప్పుడు పది దినాల్లో కుమ్మరించి పోతాంది. భూమి తాగేకి టయిం యాడుండాది? ఇంగ ముందుకు ఇది జాస్తే అవుతాది గానీ తగ్గదు. ఈ ఏడు వాన బాగుంటాదా అని ఆకాశం సూసేది కాదు మనం చేయాల్సింది. బాగ లేకుంటే మనగతి ఏందని ఇప్పుడే కూర్చుని లెక్కేసుకోవాల."

ఆ మాట నాకు నచ్చింది. నచ్చడమేమిటి, గుచ్చుకుంది. ఎందుకంటే అంతకు ముందు మే నెలలో మా ఊరి మంచినీళ్ళ బోరు పంతొమ్మిది రోజులు గాలి కక్కింది. దాన్లో మోటారు నూట యాభై అడుగుల లోతున వేలాడుతుంది. నీళ్ళు అంతకంటే కిందికి పోయాయంటే ఊరికి చుక్క ఉండదు. ట్యాంకరు రెండు రోజులకొకసారి వచ్చేది. మనిషికి రెండు బిందెలు. మరి ఆవుకో? ఆవు రోజుకు నాలుగు బిందెలు తాగుతుంది. పెంచలమ్మత్తకు నాలుగు ఆవులుండేవి. మొగుడు లేడు, సెంటు భూమి లేదు, ఆ పాలే ఆమె కూడు. ఆ పంతొమ్మిది రోజుల్లో రెండు ఆవుల్ని సంతకు తోలింది. తోలి వచ్చిన సాయంత్రం ఖాళీ చెంబుతో వచ్చి నా వరసలో నిలబడింది, అలవాటు కొద్దీ.

"ఇంగోసారి బోరెండితే ఈ రెండూ పోతాయమ్మే. నేనెవురింటికి పోవాల?" అంది.

అందుకే ఆ టేపు పట్టుకున్నాను. వచ్చే జూన్ దాకా ఆ బోరులో నీళ్ళు నిలవాలి. అంతే. నాకు ఇంక వేరే పట్టుదల లేదు.

ఆగస్టు ఒకటిన ఎనభై ఎనిమిది అడుగులు. బోర్డు మీద పాల అంకెల పక్కనే 'నీళ్ళు – 88' అని పెద్దగా రాశాను. సెప్టెంబరులో 94. అక్టోబరులో 99. తుఫాను వానలు వచ్చే నెల కదా, ఆగుతుందేమోనని చూశాను. రెండు జల్లులు పడి ఊరుకున్నాయి. నవంబరు చివరికి 106. ఈ అంకె చూసి అందరూ భయపడతారు, జాగ్రత్త పడతారనుకున్నాను.

ఏం జాగ్రత్త! వారం తిరిగేసరికి ఊరి చుట్టూ ఎక్కడ చూసినా వరినారు మళ్ళే. దుక్కులు, నీళ్ళ తడులు, పచ్చటి మొలకలు. అక్షరం ముక్క వచ్చిన వాళ్ళే కదా, బోర్డు చదివీ ఇంత మొండితనమా అని పాలు పోసే వాళ్ళందరినీ కడిగేశాను. మా ఇంట్లో ఆయన కూడా రెండెకరాలకు సరిపడా నారు పోశాడు. ఆయన పేరు చెంగల్రాయుడు. ఆయన్ను ఇంకో నాలుగు మాటలు ఎక్కువే తిట్టాను.

"బోర్డు సూడలేదా నువ్వు?" అని అరిచాను.

"సూసే పోసినా," అన్నాడు.

ఎగతాళి చేస్తున్నాడనుకుని రెండు రోజులు మాట్లాడలేదు.

అయిదో రోజు పొద్దున వరసలో పెంచలమ్మత్త మొహం వెలిగిపోతూ ఉంది. "ఏమ్మే, నూరు దాటినాయంట గదా నీళ్ళు! ఆగస్టులో ఎనభై ఎనిమిది, ఇప్పుడు నూటారు! గంగమ్మ తల్లి సల్లంగా సూసింది. ఊరంతా వరి పెడితే గడ్డికి కరువుండదు. పుత్తూరులో ఒక పెయ్యదూడను మాట్లాడి వచ్చినా," అంది.

నా చేతిలో పాలచెంబు అట్లాగే ఉండిపోయింది. బోర్డు వైపు చూశాను. ఎడమ పక్క వెన్న అంకెలు. పెద్దదైతే మంచిది, చిన్నదైతే ఏడుపు. పద్నాలుగేళ్ళుగా ఈ ఊరికి ఆ బోర్డు నేర్పింది అదొక్కటే. దాని పక్కనే, అదే సుద్దముక్కతో, అదే చేత్తో నేను నీళ్ళ అంకె రాశాను. ఎనభై ఎనిమిది, తొంభై నాలుగు, తొంభై తొమ్మిది, నూట ఆరు. నెలనెలా పెరుగుతూ పోయింది. వాళ్ళు నెలనెలా సంతోషపడ్డారు. చచ్చాను పో! లోతు అని ఒక్క మాట రాసి ఉంటే ఎంత బాగుండేది! నలభై ఆరు ఎకరాల నారు నా బోర్డు చూసి పోశారు. మా ఆయన "సూసే పోసినా" అన్నది ఎగతాళి కాదు. నన్ను నమ్మి పోశాడు.

ఆ మధ్యాహ్నమే కార్వేటినగరం పోయి గోపీకి ఫోను చేశాను. మర్నాడు వచ్చాడు. ఇద్దరం సెంటర్లో కూర్చుని లెక్క వేశాం. ఎకరా వరి తాగే నీళ్ళతో మూడెకరాల రాగులు పండుతాయి. నలభై ఆరు ఎకరాలు నాటితే ఫిబ్రవరి ఆఖరుకు మంచినీళ్ళ బోరు మోటారు గాలి కక్కుతుంది. అప్పటికి వరి ఇంకా పొట్టకు కూడా రాదు. అంటే మడీ పోతుంది, ఊరికి నీళ్ళూ పోతాయి. మార్చి, ఏప్రిల్, మే. మూడు నెలలు.

"ఇంగోటి ఉండాదక్కా," అన్నాడు గోపీ, నా మొహం చూడకుండా. "మంచినీళ్ళ బోరుకు అందరికంటే దగ్గరుండేది మీ బోరే. ఒకతూరి మోటారేసి సూద్దామా?"

మా మోటారు మూడు గంటలు ఆడించాం. మంచినీళ్ళ బోరులో టేపు వదిలాం. నూట ఆరు కాస్తా నూట పదిహేనయింది. మూడు గంటలకే తొమ్మిది అడుగులు దిగాయి. గోపీ టేపు చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. ఊరి గొంతు మీద కాలు పెట్టింది ముందు మేమేనని నాకు అర్థమైంది.

కానీ ఆ బోరు సంగతి మీకు తెలియాలి. మా ఆయన మూడు బోర్లు వేసి మూడింటిలోనూ దుమ్ము చూసిన మనిషి. నాలుగోదానిలో కిందటేడు నీళ్ళు పడ్డాయి. నీళ్ళు పైకి చిమ్మినప్పుడు ఆ బురదలోనే నిలబడి చిన్నపిల్లాడిలా తడిసిపోయాడు. ఆరేళ్ళుగా మా ఇంట్లో కొన్న బియ్యమే. ఈ రెండెకరాల వరి పండితే సొంత మడి అన్నం తినాలని ఆయన ఆశ. అటువంటి మనిషికి నేను ఏమని చెప్పను?

ముందు ఊరికి చెప్పాలి. మళ్ళీ అంకెలు రాసి చావకూడదు, కళ్ళకు కనపడేట్టు చెప్పాలి. ఆలోచించి ఆలోచించి మర్నాడు వరసలో ప్రతి మనిషికీ చెప్పాను, సాయంత్రం వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న చేంతాడు తెచ్చివ్వమని. ఊళ్ళో చేదబావులన్నీ ఎప్పుడో ఎండిపోయాయి. తాళ్ళు మాత్రం అటకల మీద పడి ఉన్నాయి. ఎందుకని అడగని వాళ్ళు లేరు. "ఉరేసుకునేకి కాదులే, ఇవ్వండి," అన్నాను. కొబ్బరి నార తాళ్ళు, నైలాన్ తాళ్ళు, కలబంద నార తాళ్ళు, ఒకదానికొకటి ముడివేసి నూట యాభై అడుగులు చేశాను. అడుగడుక్కీ పాత చీర పేలిక ఒకటి కట్టాను. సెంటరు గడపకు ఒక కొస కట్టి, వీధి పొడుగునా పరుచుకుంటూ పోయాను. రెండో కొస పెంచలమ్మత్త కొట్టం ముందు ముగిసింది. అక్కడ సున్నం పూసిన రాయి ఒకటి పెట్టాను.

సాయంత్రం ఊరంతా చేరింది. ఆడవాళ్ళు క్యాన్లతో వచ్చారు, మగవాళ్ళు వింత చూడ్డానికి వచ్చారు. ఏకాంబరం మామ తన అరుగు దిగి వచ్చాడు. ఊళ్ళో అందరికంటే ఎక్కువ నారు పోసింది ఆయనే, ఏడెకరాలకు. మా ఆయన వెనకగా గోడకానుకుని నిలబడ్డాడు.

"ఈ గడప భూమి పైభాగం అనుకోండి," అన్నాను. "ఈ తాడెంబడి బోరులోకి దిగతా ఉండామనుకోండి." అని నడవడం మొదలుపెట్టాను. ఎనభై ఎనిమిదో పేలిక దగ్గర ఆగాను. "ఆగస్టులో నీళ్ళు ఈడుండె." తొంభై నాలుగు. "సెప్టెంబరులో ఈడ." నూట ఆరు, చంద్రకాంతమ్మ అరుగు ముందు. అక్కడ తాడుకు పసుపు గుడ్డ కట్టాను. "ఈ పొద్దు ఈడుండాయి. ఆ సున్నం రాయి కనపడతాందా? ఆడ మన మోటారు యాలాడతాంది. ఈ పసుపు గుడ్డ ఆ రాయి దాటిందంటే కొళాయిలో గాలే. ఇంగ మనకుండేది నలభై నాలుగడుగులు. అంతే."

పెంచలమ్మత్త పసుపు గుడ్డను చూసింది, తన కొట్టాన్ని చూసింది.

"అంటే నీళ్ళు పెరగలేదా?" అంది.

"లేదత్తా. పాలకు పెద్ద నంబరు మంచిది. నీళ్ళకు కాదు. నేను రాసింది ఎన్నుండాయని కాదు, యాడికి దిగినాయని. ఆ మాట రాయకపోవడం నాదే తప్పు. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా. కానీ నారు నాటినారంటే ఫిబ్రవరి ఆఖరుకు ఈ గుడ్డ ఆ రాయి దాటతాది. ఇది గోపీ లెక్క, నా లెక్క. ఎవురైనా వచ్చి మళ్ళీ ఏసి సూసుకోండి."

గొడవ మొదలైంది. వాన రాదా అని ఒకరు, విత్తనాల సంగతేమిటని ఒకరు, ఆడదాని లెక్క మీద మడి ఇడిసిపెట్టాల్నా అని ఒకరు. ఏకాంబరం మామ చెయ్యెత్తాడు. అందరూ ఆగారు.

"అంతా బాగానే ఉండాదమ్మే. మా బోర్లు యాడో కొండకింద ఉండాయి. మంచినీళ్ళ బోరు పక్కనే ఉండేది మీ బోరు. ముందు మీ నారు సంగతి సెప్పు."

మా ఆయనతో ఈ సంగతి ఒక్కమాటైనా అనలేదు నేను. రాత్రి నిదానంగా చెబుదాం, నచ్చజెబుదాం అనుకున్నాను. కానీ అంతమంది నా మొహం చూస్తున్నారు. నా నోరు సంగతి నాకు తెలుసు కదా, అది నాకంటే ముందు పరుగెత్తుతుంది.

"మా నారు రేపు పొద్దున ఆవులు మేస్తాయి," అన్నాను.

మా ఆయన భుజం మీది తువ్వాలు దులిపి వేసుకుని, ఎవరినీ చూడకుండా వెళ్ళిపోయాడు.

పొద్దున పాలవ్యాను పోయాక మా ఆవును తోలుకుని మడికి పోయాను. పెంచలమ్మత్త తన రెండింటినీ తోలుకొచ్చింది. ఆయన గెనిమ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నారు జానెడెత్తు లేచి, గాలికి ఊగుతూ ఉంది. అంత బాగా మొలిచిన నారు ఈ మధ్యలో నేను చూడలేదు. ఆ మాట చెప్పడం నాకిప్పటికీ కష్టంగానే ఉంది.

"ఇంట్లో ఒక మాట అడిగుంటే సచ్చిపోతావా?" అన్నాడు.

"అడిగుంటే ఒప్పుకునేవాడివా?"

"ఒప్పుకునేవాణ్ణో లేదో. అడగలేదు గదా నువ్వు."

నేను చేసింది అన్యాయమే. ఊరికి న్యాయం, ఆయనకు అన్యాయం. అయినా వెనక్కి తగ్గితే ఆ నలభై ఆరు ఎకరాల్లో ఒక్కటీ ఆగదని తెలుసు. ఆవు పలుపు వదిలేశాను. ఆయన లేచి, చెప్పులు చేత పట్టుకుని, మడి పక్క నుంచి నడిచి వెళ్ళిపోయాడు. నన్ను ఆపలేదు, నాకు సాయం పట్టలేదు. ఆవులు మేస్తున్నంతసేపూ పెంచలమ్మత్త కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

మా నారు పోయాక ఇంకో ఇరవై తొమ్మిది ఎకరాల వాళ్ళు తమ నారు వదిలేశారు. పదిహేను ఎకరాల వాళ్ళు వినలేదు. ఏకాంబరం మామ ఏడులో అయిదు వదిలి, రెండు నాటుకున్నాడు. మిగిలిన వాళ్ళు రాగులు, అలసందలు, కొంచెం చెనిక్కాయ వేశారు. మేమూ రాగులే వేశాం. విత్తనాలు చల్లింది ఆయనే. మా ఇంట్లో మాత్రం "అన్నం పెట్టు", "ఆవును కట్టెయ్యి" తప్ప ఇంకో మాట వినపడడం మానేసింది.

డిసెంబరు ఆఖర్లో కొట్టింది వాన. రెండు రోజులు దబదబా పడింది. వీధిలో మోకాలెత్తు నీళ్ళు పారాయి. ఇంక నా బతుకు ఏం చెప్పను! "ఉదయలక్ష్మి మాట ఇని బంగారట్లాంటి నారు గొడ్లకేసినాం" అని వరసలో నిలబడి నా మొహం మీదే అన్నారు. నా పాలమిషన్ కూడా అబద్ధం చెబుతుందని ఒకామె అంది. మూడో రోజు ఏకాంబరం మామ సెంటరుకు వచ్చాడు.

"మళ్ళా నారు పోస్తాండామమ్మే. ఇంగ నీ తాడు సుట్టి అటకెక్కించు."

ఆయనతో వాదించలేదు. టేపు సంచి ఆయన చేతికిచ్చాను. "రా మామా, నువ్వే కొలువు," అన్నాను. బోరు దగ్గర ఆయన చేతే టేపు వదిలించాను. తొంభై దాటింది, మోగలేదు. నూరు దాటింది, మోగలేదు. ఆయన నా వైపు చూశాడు. నూట ఆరు దగ్గర గుయ్యిమంది. వానకు ముందు నూట పన్నెండు ఉండేది. అంత వాన ఆరు అడుగులే లేపింది. మిగిలిందంతా వీధి వెంబడి, వాగు వెంబడి మమ్మల్ని దాటుకుని పోయింది.

ఆయన టేపు పైకి లాగి, మళ్ళీ వదిలాడు. మళ్ళీ నూట ఆరే. మూడోసారి కూడా వదిలాడు. తర్వాత టేపు చుట్టి నా చేతికిచ్చి, "మా నాయన కాలంలో ఇట్లాంటి వానకు బావులు అంచుకొచ్చేటియి," అన్నాడు. నారు మాట మళ్ళీ ఎత్తలేదు.

అక్కడి నుంచి ప్రతి నెలా ఒకటో తేదీన వీధిలో తాడు పరిచాను. జనవరిలో పసుపు గుడ్డ చంద్రకాంతమ్మ అరుగు దాటింది. ఫిబ్రవరిలో నూట పదిహేడు. మార్చిలో నూట ఇరవై నాలుగు. నాటిన పదిహేను ఎకరాల్లో ఎనిమిది ఎండిపోయాయి. ఎవరి మడి ఎండినా నాకు సంతోషం లేదు, ఒట్టు. ఏప్రిల్లో నూట ముప్పై మూడు. కొండకింద ఉండే పక్క ఊళ్ళో మార్చిలోనే బోరు ఆగిపోయింది. ఆ ఊరి ఆడవాళ్ళు బిందెలెత్తుకుని మా కొళాయి దగ్గరకు వచ్చారు. వద్దని ఎవరంటారు? వాళ్ళకూ పోశాం. మా రిజిస్టర్లో ఎర్రగీతలు ఆ ఏడు మార్చి ఏడో తేదీకే మొదలయ్యాయి. నేను రాత్రుళ్ళు నిద్రలో కూడా అడుగులు లెక్కపెట్టుకున్నాను.

మే ముప్పై ఒకటి. ముందురోజు సాయంత్రం పెద్ద గాలితో మొదటి జల్లు పడింది. పుత్తూరు వైపు మామిడికాయల లారీలు కదిలాయి. బోరు కొలిస్తే నూట నలభై ఒకటి. నిలిచింది! ఇంకా నిలిచే ఉంది! పెంచలమ్మత్త రెండు ఆవులూ కొట్టంలోనే ఉన్నాయి. నాకు ఆ వీధిలోనే కూలబడి ఏడవాలనిపించింది. తాడు పరిచి, నూట నలభై ఒకటో పేలిక దగ్గర పసుపు గుడ్డ కట్టాను. అక్కడి నుంచి సున్నం రాయికి తొమ్మిది అడుగులు.

సాయంత్రం పాలవేళకు వచ్చిన వాళ్ళంతా తాడు చూశారు. మెచ్చుకుంటారనుకున్నాను. నేనెంత పిచ్చిదాన్ని!

"తొమ్మిదడుగులు మిగిలినాయి గదమ్మే," అన్నారు ఒకరు. "ఆ నీళ్ళతో ఇంగో నాలుగెకరాలు పండుండేటియి."

"ఊరికే భయపెట్టి మా నారు మేపించింది."

"ఏమైంది ఇప్పుడు? కొళాయి ఆగిందా? ఆగలేదే!"

ఏకాంబరం మామ కూడా గడ్డం గోక్కుంటూ, "రెండెకరాలు జాస్తిగా నాటుండొచ్చేమో," అన్నాడు.

నాకు మాట రాలేదు. నాకు! కొళాయి ఆగి ఉంటే నన్ను నమ్మేవాళ్ళు. ఆగలేదు కాబట్టి నేను అబద్ధాలకోరునయ్యాను. రాని కష్టాన్ని వీళ్ళకు ఎట్లా చూపించాలి? చేతిలో సుద్దముక్క రెండు ముక్కలైంది. ఇంక ఈ బోర్డూ వద్దు, ఈ టేపూ వద్దు అనుకున్నాను.

అప్పుడే మా ఆయన పాలక్యానుతో వచ్చాడు. మాటలన్నీ విన్నట్టున్నాడు. క్యాను అరుగు మీద పెట్టాడు. వీధి మధ్యలోకి పోయి, సున్నం రాయి దగ్గర చెప్పులు విడిచాడు. భుజం మీది తువ్వాలు తీసి దుమ్ములో పరిచాడు. తూర్పు ముఖంగా గొంతుక్కూర్చుని, తలెత్తకుండా రెండు చేతులూ జోడించాడు.

మా వైపు కళ్ళంలో ధాన్యం రాశి కొలిచేటప్పుడు రైతు అట్లాగే కూర్చుంటాడు. కాళ్ళకు చెప్పులుండవు. కొలత మొదలైతే చుట్టూ ఎవరూ నోరెత్తకూడదు. మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. పుట్టి బుద్ధెరిగిన ప్రతివాడికీ అది తెలుసు. వీధిలో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఎవరో చెప్పులు విడిచిన చప్పుడు వినపడింది. ఏకాంబరం మామ తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

మా ఆయన రాయి దగ్గర తాడు కొస పట్టుకున్నాడు. ఒక పేలిక నుంచి ఇంకో పేలిక దాకా లాగి తువ్వాలు మీద పోశాడు.

"లాభం," అన్నాడు.

ఇంకొక అడుగు లాగాడు. "రెండు."

"మూడు."

నిదానంగా, దోసిలితో వడ్లు పోసినట్టే పోశాడు. నాలుగు. అయిదు. పెంచలమ్మత్త కొట్టం గుంజ పట్టుకుని నిలబడి ఉంది, పెదవులు కదులుతున్నాయి. ఆరు. ఏడు. ఎనిమిది. తొమ్మిది దగ్గర పసుపు గుడ్డ ఆయన చేతికి వచ్చింది. ఆగాడు. తువ్వాలు మీద చిన్న తాడు కుప్ప.

"నా రెండెకరాల పంట ఇది," అన్నాడు. "మీ పంటా ఇందులోనే ఉండాది. ఎవురి భాగం వాళ్ళు కొళాయి కాడ పట్టుకుంటాండారు గదా." తర్వాత ఆరు నెలల్లో మొదటిసారి నా మొహం చూసి, "వచ్చే ఏడు నారు పోసేటికి ముందు నన్ను అడుగు మే. ఇద్దరమూ కలిసి చెప్పుదాం," అన్నాడు.

చెప్పులు తొడుక్కుని, తువ్వాలు అక్కడే వదిలేసి ఇంటికి పోయాడు. నాకు ఏడుపు ఆగలేదు. అంతమంది ముందు ముక్కు చీదుకుంటూ మిషను దగ్గర కూర్చున్నాను. చంద్రకాంతమ్మ చెంబు చాపి "ఎంతొచ్చిందిమే?" అని అడిగితే, అంకె కనపడక కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను.